నేర్పించిన మాట

కుటుంబ న్యాయస్థానంలో కౌన్సెలర్‌గా పని చేసినన్నాళ్లూ నేను ఎవరినీ నమ్మలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, సిగ్గుపడీ చెప్పడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి, "మేడమ్, ఎదుటివాళ్లు అబద్ధం చెబుతున్నారని ఎలా కనిపెట్టేవారు?" అని అడుగుతుంటారు. కనిపెట్టడానికి ఏముంది? అందరూ చెబుతున్నారనే నేను మొదలుపెట్టేదాన్ని. భార్య కన్నీళ్లు పెట్టుకుంటే, ఏ పూట పెట్టుకోమని లాయరు చెప్పాడో అనుకునేదాన్ని. భర్త తల వంచుకుని కూర్చుంటే, ఇంటి దగ్గర ఎంత ఎగిరి ఉంటాడో అనుకునేదాన్ని. "పాలపాకెట్టు కూడా నిన్ను దాటి ఫ్రిజ్‌లోకి పోవాలంటే సాక్షిని తెచ్చుకోవాలి" అని మా ఆయన ఎగతాళి చేసేవారు.

మా ఆఫీసు చెన్నైలో, కోర్టు ఆవరణలోనే ఉండేది. విడిపోయిన తల్లిదండ్రుల కేసుల్లో పిల్ల ఎవరి దగ్గర పెరగాలి, రెండోవాళ్లు ఎప్పుడు చూడాలి అన్నది తేల్చేది న్యాయమూర్తే. కాని పిల్లతో మాట్లాడి, ఇళ్లు చూసి, రిపోర్టు రాసి పెట్టేది మేము. మా గది పక్కన ఒక ఆటగది ఉండేది. చక్రాలు ఊడిన కార్లు, ఒంటి చెయ్యి బొమ్మలు, గోడకు రంగు వెలిసిన ఏనుగు. ఇంటికి తీసుకుపోయే అనుమతి లేని తండ్రులూ తల్లులూ వారానికోసారి వచ్చి, ఒక పోలీసమ్మ చూస్తుండగా, తమ పిల్లలను అక్కడ చూసుకుని పోయేవారు. ఆ గదిని కనిపెట్టుకుని ఉండేది మా ఆఫీసు ఆయమ్మ. వ్యాసర్పాడి నుంచి పొద్దున్నే వచ్చేది. పిల్లలు ఏం చెప్పినా నమ్మేసేది. అందుకే ఆమె మాటను నేను లెక్కలోకి తీసుకునేదాన్ని కాదు.

తెలుగు ఇళ్ల కేసులు వస్తే నా బల్ల మీదికే తోసేవారు. మాది ఎన్నో తరాల కిందట మద్రాసులో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అలాంటి ఇళ్ల సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుస్తుందని నా ధీమా. ఆ ధీమాతోనే నాకొక కొలబద్ద తయారు చేసుకున్నాను. మా ఇళ్లల్లో ఇప్పటి పిల్లలకు బడిలో తమిళం, ఆటలో తమిళం, టీవీ ముందు తమిళం. తెలుగు అవ్వలతో మాట్లాడేది. కాబట్టి ఏ పిల్లయినా అన్నీ తమిళంలో గడగడా చెప్పి, ముఖ్యమైన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి మారిందంటే, ఆ జవాబు పిల్లది కాదు, ఇంట్లో పెద్దలు నేర్పి పంపినది. ఇదీ నా లెక్క.

మా సీనియరు ఒకాయన, తమిళాయన, ఈ లెక్క విని నవ్వారు. "బాగానే ఉంది. కాని ప్రతిసారీ సరిపోతోంది చూడండి, అక్కడే నాకు అనుమానం" అన్నారు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి కుళ్లుకుంటున్నారని అనుకున్నాను. చూశారుగా, నా ధోరణి ఎలా ఉండేదో.

ఇక ఆ కేసు. తండ్రి తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు. ఒక గదీ వంటిల్లూ ఉన్న పోర్షన్‌లో ఒక్కడే ఉంటున్నాడు. తల్లి దుస్తులు కుట్టే కంపెనీలో పని చేస్తూ, మాధవరం పాల కాలనీ దగ్గర తన తల్లితో ఉంటోంది. పాప మూడో తరగతి, ఎనిమిదేళ్లు. రెండు వైపులా పాతకాలపు మద్రాసు తెలుగువాళ్లే. ఎందుకు విడిపోయారన్నది ఇక్కడ అవసరం లేదు. పాప తల్లి దగ్గరే ఉండాలన్నదాంట్లో గొడవ లేదు, తండ్రి ఎప్పుడు చూడాలన్నదే గొడవ.

భరణం అతను నెలనెలా తప్పకుండా పంపేవాడు. ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. భరణం ఇస్తున్నాను కాబట్టి పిల్ల నాదని తండ్రులు, భరణం రాలేదు కాబట్టి పిల్లను చూపించనని తల్లులు అనడం రోజూ వినేదాన్ని. రెండూ తప్పే. తిండీ పిల్ల హక్కే, తండ్రీ పిల్ల హక్కే. ఒకటి ఆగిందని రెండోది ఆపే అధికారం పెద్దవాళ్లకు లేదు. నా ఉద్యోగం మొత్తంలో అనుమానం లేకుండా నమ్మిన విషయం ఇదొక్కటే.

న్యాయమూర్తి తాత్కాలికంగా ఒక ఆర్డరు ఇచ్చారు. ప్రతి శనివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా పాప తండ్రి దగ్గర ఉండాలి. దానికి ఒక షరతు చేర్చమని సిఫార్సు చేసింది నేనే. తండ్రి వరసగా రెండు శనివారాలు తప్పితే, ఆ తర్వాత ఇంటికి తీసుకుపోవడం కుదరదు, కోర్టు ఆటగదిలోనే చూసుకోవాలి. నా దగ్గర కారణం ఉంది. పిల్ల కావాలని కోర్టంతా అదిరేలా వాదించి, ఆర్డరు చేతికి వచ్చాక మొహం చాటేసే తండ్రులను ఎంతమందిని చూశానో! తలకు నూనె రాయించుకుని, రెండు జడలు వేయించుకుని, సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చునే పిల్లలను కూడా చూశాను.

మొదటి రెండు నెలలు బాగానే జరిగింది. తర్వాత ఒక రోజు అతను మా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, శనివారం బదులు వేరే దినం పెట్టేదానికి అయితాదా?"

"ఎందుకు?"

"కంపెనీలో షిఫ్టు మార్చినారు మేడమ్. వారం లీవు బుధవారానికి పోయింది. శనివారం పోకుంటే ఆడ ఇంకొకణ్ణి పెట్టుకుంటారు."

"బుధవారం పాపకు స్కూలు కదా?"

"స్కూలు ఇడిచినాక, సాయంత్రం..."

"కంపెనీ నుంచి లెటరు తెచ్చావా?"

"కాంట్రాక్టోడు లెటరు ఇయ్యడు మేడమ్. అడిగితే రేపట్నుంచి రావద్దంటాడు."

లెటరు లేని మాట నాకు మాటే కాదు. రోజు మార్చమని అడిగే మగవాడి వెనక ఇంకో సంసారం ఉంటుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. "ఆర్డరులో ఏముందో చదువుకో నాయనా. రెండు వారాలు తప్పితే తప్పినట్టే రాస్తాను" అన్నాను. అతను "సరి మేడమ్" అని వెళ్లిపోయాడు. ఎదురు చెప్పకుండా వెళ్లడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఇంకో రెండు నెలలకు తల్లి తరఫు నుంచి పిటిషన్ పడింది. పాప శనివారం వస్తే చాలు ఏడుస్తోందని, తండ్రి దగ్గరికి పోనంటోందని, కాబట్టి ఆర్డరు రద్దు చేయాలని. పాప తనంతట తానే అంటోందా, ఎవరైనా నేర్పించారా, తేల్చి రాయమని న్యాయమూర్తి ఫైలు నాకు పంపారు.

పాపను ఆటగదిలో కూర్చోబెట్టి మాట్లాడాను. ఆయమ్మ తలుపు దగ్గర, పోలీసమ్మ కిటికీ దగ్గర. అవతలి మూలన ఇంకో కేసు పిల్లలిద్దరు ఆడుకుంటున్నారు. పాపను తీసుకొచ్చిన అమ్మమ్మ, ఆ ఇంటి అవ్వ, బయట బెంచీ మీద. తమిళంలో మొదలుపెట్టాను. స్కూలు గురించి, పక్కన కూర్చునే స్నేహితురాలి గురించి, లెక్కల మిస్ గురించి పాప నోరు ఆగకుండా చెప్పింది. "మరి శనివారం నాన్నతో ఎందుకు పోనంటున్నావు?" అన్నాను. పాప ఆగిపోయింది. పోలీసమ్మ వైపు చూసింది, ఆయమ్మ వైపు చూసింది, ఆ పిల్లల వైపు చూసింది. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. గొంతు తగ్గించి తెలుగులో మొదలుపెట్టింది.

"ఆడికి పోను మిస్."

"ఎందుకు? నాయన కొట్టాడా?"

"లేదు. నాయన మంచోడు."

"తిట్టాడా?"

"లేదు. ఆడ వొద్దు, అంతే. నాయన్నే ఈడికి రమ్మనండి."

మళ్లీ తమిళంలో అడిగాను. పెదవులు బిగించేసింది. నా కొలబద్ద ఇంత స్పష్టంగా పలకడం ఎప్పుడూ చూడలేదు. "ఈ మాట చెప్పమని ఎవరు చెప్పారు?" అని గట్టిగా అడిగాను. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. దొరికిపోయానని ఏడుస్తోందనుకున్నాను. ఆ సాయంత్రమే రిపోర్టులో రాశాను: ఈ మాట పాపది కాదు, నేర్పించినది.

న్యాయమూర్తి నా రిపోర్టులను నమ్మేవారు. తల్లిని గట్టిగా మందలించి, శనివారాలు యథాప్రకారం జరగాలన్నారు. ఆ రోజు వరండాలో అవ్వ నన్ను పట్టుకుంది.

"మేము నేర్పినామా తల్లీ? దానికి నేను నేర్పింది జడ ఏసుకునేది ఒకటే. అది కూడా దానికి సరిగ్గా రాలేదు."

"కోర్టు ఆర్డరమ్మా, నేనేం చేసేది" అని తప్పించుకున్నాను. వెనక పాప నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

రెండు వారాలు గడిచాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయమ్మ ఉన్నట్టుండి ఆ పాప మాట ఎత్తింది. ఆమె తమిళంలో అన్నది ఇలా ఉంది: "మేడమ్, ఆ రోజు మీరు వచ్చేదాకా ఆ పాప తలుపు దగ్గరే ఉంది. నేను రెండుసార్లు తలుపు మూశాను. రెండుసార్లూ లేచి వచ్చి తెరిచింది."

"అది కూడా నేర్పించి ఉంటారు" అన్నాను అన్నం కలుపుకుంటూ.

"తలుపు తెరవమని ఎవరు నేర్పుతారు మేడమ్?"

ఆమె మామూలుగానే అంది. నేను డబ్బా మూత పెట్టేశాను. ఆ వచ్చే శనివారం, ఎవరికీ చెప్పకుండా, తిరువొత్తియూరు పోవడానికి లోకల్ ట్రైన్ ఎక్కాను. పాప మీద జాలితో పోయానని చెప్పుకుంటే బాగుంటుంది గాని, అది నిజం కాదు. నా రిపోర్టు సరైనదేనని నాకు నేను రుజువు చేసుకోవడానికి పోయాను. పైగా అతని ఇంట్లో నేను ఊహించుకున్న ఆ రెండో ఆడది కనిపిస్తుందేమో చూద్దామని కూడా ఉంది.

స్టేషన్ దిగి, కంటైనర్ లారీలు వరసగా ఆగి ఉన్న రోడ్డు దాటి, ఫైల్లో రాసి ఉన్న సందు పట్టుకునేసరికి పదకొండు దాటింది. ఒకే వరండాకు ఐదు పోర్షన్లు. సముద్రపు గాలి కోసం నాలుగింటి తలుపులు తెరిచి ఉన్నాయి. ఐదోదానికి బయట తాళం. లోపల టీవీలో కార్టూన్ బొమ్మల గోల. పాపను ఎక్కడికో తిప్పడానికి తీసుకుపోయి టీవీ ఆపడం మరిచిపోయాడనుకున్నాను. అయినా ఊరుకోలేక కిటికీ తట్టాను.

కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది. లోపల పాప. నన్ను గుర్తుపట్టే లోపే తమిళంలో, తడుముకోకుండా, ఒకే ఊపిరిలో చెప్పింది: "అప్పా అంగడికి పోయారు, ఇప్పుడే వచ్చేస్తారు."

నేర్పించిన మాట ఎలా ఉంటుందో నాకు తెలియదా? అదిగో, అదీ నేర్పించిన మాట. చక్కటి తమిళంలో.

పక్క పోర్షన్ ఆవిడ బకెట్టుతో బయటికి వచ్చి, "ఎవరు కావాలి?" అంది. పాప కిటికీ ఊచల దగ్గరికి మొహం తెచ్చి, గొంతు తగ్గించింది.

"మిస్, తెలుగులో మాట్లాడండి. ఆ ఆంటీకి తెలిసిపోతాది."

కిటికీకి దగ్గరగా జరిగాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ చీర గురించి మా అమ్మా నేనూ ఏ భాషలో మాట్లాడుకున్నాం? బట్టల కొట్టులో "వద్దు, ధర ఎక్కువ, లేచి రా" అని మా ఆయనకు ఏ భాషలో చెబుతాను? చెన్నైలో మా ఇళ్లన్నిటికీ తెలుగు అంటే నలుగురిలో ఉండి నలుగురికీ తెలియకుండా చెప్పుకునే మాట. బస్సులో సగం మందికి అది తెలుసన్నది వేరే సంగతి. ఎవరికీ తెలియదన్న నమ్మకంతోనే మాట్లాడతాం. పాప ఆ రోజు పోలీసమ్మకూ ఆయమ్మకూ ఆ పిల్లలకూ తెలియకుండా నా ఒక్కదానికి నిజం చెప్పబోయింది. ఇంటి మనిషిని అనుకుని కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చింది. నేనేమో ఎవరు చెప్పమన్నారని గదమాయించాను.

"నాయన ఎక్కడ బుజ్జీ?"

"కంపెనీకి పోయినాడు. మధ్యాన్నం అన్నం తెస్తాడు. మళ్లా పోతాడు."

"ప్రతి శనివారమూ ఇంతేనా?"

"ఊఁ. ఎవురికీ చెప్పొద్దన్నాడు. చెప్తే నన్ను మళ్లా పంపరంట."

"నీకు భయం వేస్తుందా?"

పక్కింటావిడ లోపలికి పోయేదాకా ఆగి, తల వంచుకుని చెప్పింది. "కరెంటు పోతే భయం. ఇంకా... బాత్రూము బయట ఉండాది మిస్."

అంతకుమించి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల, ఆటగదిలో అంతమంది ముందు, అందరికీ అర్థమయ్యే భాషలో ఆ మాట ఎలా చెబుతుంది? నేనైతే చెప్పగలనా?

ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఒంటిగంటకు అతను సైకిల్ మీద వచ్చాడు, హ్యాండిల్‌కు అన్నం పొట్లాల సంచి తగిలించుకుని. నన్ను చూసి సైకిల్ దిగాడు గాని దగ్గరికి రాలేదు. నేను ఏమీ అనకముందే తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. పాప మా ఇద్దరినీ దాటుకుని వరండా చివరికి పరుగెత్తింది.

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"షిఫ్టు మార్చినప్పట్నుంచి మేడమ్."

"బిడ్డను తాళం వేసి పోతావా? ఏదైనా అయితే? పక్కింట్లో అయినా వదిలిపెట్టవచ్చు కదా?"

"రేపు వాళ్లనే సాక్షికి పిలిస్తే? బిడ్డని మా దగ్గర ఇడిచి పనికి పోతాడని వాళ్లు కోర్టులో చెప్తే?" అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "రెండు వారాలు పోకుంటే నా బిడ్డని ఆ బొమ్మల రూములో, పోలీసమ్మ ముందర చూసుకోవల్ల. మీరే కదా రాసింది. దినం మార్చమని అడిగేదానికి మీ దగ్గరికే వచ్చినాను. లెటరు తెమ్మన్నారు."

నాకు ఏడుపు వచ్చింది. ఏడవలేదు, నటిస్తున్నానని అనుకుంటాడేమోనని. మామూలుగా నేను అనుకునే మాట అది. అతన్ని భార్య తరఫువాళ్లు నమ్మలేదు, పక్కింటివాళ్లను అతను నమ్మలేదు, నేను ఎవరినీ నమ్మలేదు. మా అందరి అనుమానాలకూ నడుమ ఆ పిల్ల శనివారం శనివారం తలుపు వెనక పగలంతా కూర్చుంది. అతను చేసింది తప్పు, అందులో సందేహం లేదు. ఆ తప్పు చేయక తప్పని సందులోకి అతన్ని తోసింది మాత్రం నా షరతే.

అతను తిని షిఫ్టుకు పోయాడు. సాయంత్రం దాకా, తలుపు బార్లా తెరిచి, పాపతో నేను కూర్చున్నాను. ఐదు గంటలకు అతను వచ్చాక ముగ్గురం కలిసి మాధవరం పోయి పాపను అప్పగించాం. ఇక మీద ఈ పని జరగకూడదని, వచ్చే వాయిదా దాకా పాపను పంపమని నేను అడగనని అతనితోనూ తల్లితోనూ చెప్పాను. తల్లికి తాళం సంగతి కూడా చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "ఒక మాట నాతో చెప్పుంటే శనివారం నేనే లీవు పెట్టుండనా?" అంది. అతను నేల చూపులు చూశాడు. ఆ మాట ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి వాళ్ల మధ్య మిగిలింది లాయర్లూ నేనూ.

ఆఫీసులో సీనియరుకు అంతా చెప్పాను. నా రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది. ఆయన నా మేలు కోరే మనిషే. "పాప ఇప్పుడు మాట మార్చిందని రాయండి. తాళం సంగతి రాయండి. మీ పాత రిపోర్టును ముట్టుకోవద్దు" అన్నారు. రెండు రోజులు ఆలోచించాను. అలా రాస్తే నేను బతికిపోతాను, తండ్రి పోతాడు. బిడ్డను బంధించాడన్న ఒక్క మాట చాలు, ఇక అతను పాపను చూసేది ఆటగదిలోనే. ఏమీ రాయకపోతే పాప మళ్లీ ఆ తలుపు వెనకకే పోతుంది. తండ్రీ ఉండాలి, తలుపూ తెరిచి ఉండాలి అంటే, నా రిపోర్టు తప్పని, ఆ షరతు తప్పని, రోజు మార్చమని అడిగినవాణ్ణి వెళ్లగొట్టానని రాయాలి. రాశాను. నాలుగు పేజీలు. నా గురించి నేను రాసిన రిపోర్టు అదొక్కటే.

న్యాయమూర్తి నన్ను చాంబరుకు పిలిచి, ఆ నాలుగు పేజీలూ నా ముందే చదివారు. కేకలేస్తారనుకున్నాను. కళ్లజోడు తీసి ఒక ప్రశ్న వేశారు. "ఈ కొలబద్దతో ఇంకా ఎన్ని రిపోర్టుల్లో 'నేర్పించినది' అని రాశారు?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఇప్పుడు కూడా, ఏ పనీ తోచని మధ్యాహ్నాల్లో, ఒక్కొక్క పిల్ల మొహం గుర్తుకు వస్తుంది. ఏ పిల్ల ఏ భాషలో ఏం చెప్పిందో వెతుక్కుంటాను. మీకు ఏదైనా కొలబద్ద ఉంటే, అది ఎప్పుడూ తప్పదని మీకు నమ్మకం కుదిరిన రోజున దాన్ని పారేయండి. నేను మీకు చెప్పగల పని సంగతి ఇదే.

పాపను తానే విని ఆర్డరు ఇస్తానన్నారు న్యాయమూర్తి. ఆ రోజు పొద్దున పాపను నా గదిలో కూర్చోబెట్టుకున్నాను. తలుపు తెరిచే పెట్టాను. తల్లీ అవ్వా వరండాలో ఒక చివర, తండ్రి ఇంకో చివర.

"జడ్జి సారు అడిగితే అన్నీ చెబుతావా?"

"చెప్తే నాయన్ని పోలీసులు పట్టుకుంటారా?"

పట్టుకోరని మాట ఇవ్వలేకపోయాను. నా మొహం చూసి పాపకు అర్థమైంది. ఆ మాత్రం చదవడం ఆ పిల్ల అప్పటికే నేర్చుకుంది.

"నాయన వస్తా ఉండేదానికి ఏం చెప్పల్లో మీరే చెప్పండి మిస్. నేను అట్నే చెప్తాను."

పిల్లకు మాటలు నేర్పిన పెద్దలను పట్టుకుని రిపోర్టులకు ఎక్కించడమే నా ఉద్యోగం. ఆ పిల్ల ఇప్పుడు నన్నే నేర్పమని అడుగుతోంది. గుమ్మం వైపు చూశాను, ఎవరూ లేరు. నేర్పాను. "నాన్న కావాలి. తాళం వద్దు. నాన్నకు లీవు ఉన్న రోజు పోతాను. ఈ మూడూ చెప్పు. తమిళంలో, గట్టిగా చెప్పు. బాత్రూము సంగతి కూడా చెప్పు, అందులో నువ్వు సిగ్గుపడేది ఏమీ లేదు." పాప మూడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. మూడూ తన మాటలే. కాని వరస నాది, భాష నాది, గట్టిగా అన్నది నాది.

చాంబరులో పాప ఒక్కటీ వదలకుండా చెప్పింది. న్యాయమూర్తి అంతా విని, పాపను బయట కూర్చోమనకుండానే, నా వైపు తిరిగారు.

"ఎవరైనా నేర్పించారా?"

అవునంటే ఏమవుతుందో ఆ గదిలో నాకంటే ఎవరికి తెలుసు? నేర్పించిన మాట చెల్లదని ఆయనకు చెప్పిందే నేను. ఆ పిల్ల నోటి నిజం అంతా చెత్తబుట్టలోకి పోతుంది.

"లేదు సార్" అన్నాను.

ఆయన తల ఊపి స్టెనోను పిలిచారు. బుధవారం, స్కూలు వదిలినప్పటి నుంచి రాత్రి ఎనిమిది దాకా. రెండు వారాల షరతు తీసేశారు. పాపను ఒంటరిగా వదలకూడదన్నది చేర్చారు. ఆ ఆర్డరు ఇప్పటికీ అలాగే నడుస్తోంది. బుధవారం బుధవారం అతను స్కూలు గేటు దగ్గర కనిపిస్తాడని, మాధవరం బస్టాండులో అవ్వ ఎదురైనప్పుడు చెప్పింది. నన్ను ఇంకా క్షమించలేదనుకుంటాను, నిలబడి మాట్లాడలేదు.

ఆ రోజు మాత్రం, స్టెనో టైపు చేస్తుండగా, పాపను చెయ్యి పట్టుకుని చాంబరు బయటికి తీసుకువచ్చాను. పాప నడవడం ఆపి, తలెత్తి నా మొహంలోకి చూసింది.

"మిస్, మీరు నేర్పింది కూడా ఎవురికీ చెప్పకూడదా?"

ఎనిమిదేళ్ల పిల్ల. నాయన ఇచ్చిన రహస్యం ఒకటి మోసి మోసి ఇప్పుడే దించుకుంది. గుమ్మం దాటకముందే నేను ఇంకొకటి ఎత్తిపెట్టాను.

"చెప్పొచ్చు తల్లీ" అన్నాను. పాపను ఆయమ్మ పక్కన కూర్చోబెట్టి, చాంబరు తలుపు తోసుకుని మళ్లీ లోపలికి పోయి, ముందు నేనే చెప్పాను.